సముద్రం వైపు గది

“తనకి సముద్రం కనిపించాలి రష్మిగారూ. గార్డెన్ వ్యూ ఇస్తే ఒప్పుకోదు. పొద్దున్నే లేచి, చెప్పులైనా వేసుకోకుండా నీళ్ల దగ్గరికి పరిగెత్తే రకం.”

డ్రయర్‌లోంచి తీసిన బట్టలు గుండెలకు హత్తుకుని జయంతి మెట్ల మీదే ఆగిపోయింది. పై గది తలుపు ఓరగా తెరిచి ఉంది. ఆమె భర్త జగన్మోహన్ ఫోన్ స్పీకర్‌లో పెట్టి మాట్లాడుతున్నాడు. అవతల సన్నీవేల్‌లో ఉండే రష్మి. ఎవరి ఇష్టాలకు తగ్గట్టు వాళ్లకు ఖరీదైన విహారయాత్రలు సిద్ధం చేసిపెట్టడం ఆవిడ వ్యాపారం. కాలిఫోర్నియాలో వాళ్లుండే శాన్ రామన్‌లో నాలుగు తెలుగు కుటుంబాలు ఎక్కడ కలిసినా ఆవిడ పేరు వినబడుతుంది.

“అయితే ఫ్రాన్స్‌లో ముందు బ్రిటనీ తీరాన కొండ అంచున ఉన్న హోటల్ ఫిక్స్ చేస్తాను సర్. అక్కణ్నుంచి లువార్ లోయ. పాత కోటలో బస. మేడమ్‌కి ఎత్తులంటే భయమా? హాట్ ఎయిర్ బెలూన్ బుక్ చేయనా?”

“భయమా! ఎక్కాక తనని కిందికి దింపడం కష్టం.”

జగన్మోహన్ నవ్వాడు. ఇన్నేళ్ల కాపురంలో అతని నవ్వులన్నీ తెలుసుననుకుంది జయంతి. ఇది తెలియదు.

బాల్కనీలోంచి కిందికి చూస్తేనే ఆమెకు కళ్లు తిరుగుతాయి. కమ్యూనిటీ పూల్‌లో ఎప్పుడూ మోకాలు దాటి దిగలేదు.

“ఫుడ్ సంగతి?”

“ఏదైనా తింటుంది. పేరు తెలియనిదైతే ముందు తనే తింటుంది. ప్రొవాన్స్‌లో ఆ ఫామ్‌హౌస్ కుకింగ్ క్లాస్ మాత్రం తప్పకుండా పెట్టండి. వంట కోసం కాదు. అక్కడ వంట నేర్పే పెద్దావిడతో కూర్చుని గంటలు గంటలు కబుర్లు చెబుతుంది, భాష రాకపోయినా.”

గుడ్డు కలిసిందేమోనని కేక్ డబ్బా తిప్పి తిప్పి చదివే జయంతి చప్పుడు కాకుండా కిందికి దిగిపోయింది.

మధ్యాహ్నం భోజనాల దగ్గర అడిగింది. “పొద్దున ఎవరితో అంతసేపు?”

“ఆఫీస్ కాల్.”

“శనివారమా?”

“సాఫ్ట్‌వేర్ రిలీజ్ ఉంది కదా,” అంటూ లాప్‌టాప్ మూత దించాడు.

“అమ్మా, డాడీ షవర్‌లో ఫ్రెంచ్ మాట్లాడుతుంది,” అంది కూతురు వేద. “సో క్రింజ్!”

“మాట్లాడుతున్నాడు అనాలే,” అంది జయంతి, మొగుడి వంక చూస్తూ. అతని చెవులు ఎర్రబడ్డాయి.

ఆ వారమంతా, అతను ఫోన్‌లో చెప్పిన ఆ ఆడమనిషి జయంతి ఊహల్లో ఇంట్లోనే తిరిగింది. ఆవిడకు ముఖం లేకపోవడమే జయంతిని ఎక్కువ బాధపెట్టింది. ఉంటే ముక్కుకో, పళ్లకో వంక పెట్టి ఊరట పొందేది. కాళ్లు మాత్రం కనిపించేవి. తడి ఇసుక అంటిన పాదాలు. ఆ వెనకే పరిగెత్తే జగన్మోహన్. తనతో నడిచేటప్పుడు అతను ఎప్పుడూ ఫోన్ చూసుకుంటూ రెండడుగుల ముందుంటాడు.

ఇంకో సంగతి ఆమెను భయపెట్టింది. ఆవిడను చంపేయాలన్నంత కోపం వచ్చిన మరుక్షణం, కాసేపు ఆవిడలా ఉండాలనిపించేది. బుధవారం స్టోర్‌లో నీలం చారలున్న చీజ్ కొంది. పార్కింగ్‌లో కారులో కూర్చుని ఒక ముక్క నోట్లో వేసుకుంది. వెంటనే టిష్యూలో ఉమ్మేసింది. ఆవిడైతే నవ్వుతూ మింగేసేది.

మళ్లీ శనివారం వచ్చింది. మళ్లీ పై గదిలో రష్మి గొంతు. “నీస్‌లో బోట్ కూడా కన్ఫర్మ్ అయింది సర్. మేడమ్ చాలా లక్కీ.”

ఈసారి జయంతి తలుపు తోసుకుని లోపలికి వెళ్లింది. జగన్మోహన్ గబుక్కున ఫోన్ కట్ చేశాడు.

“ఎవరండీ ఆవిడ?”

“ఏ ఆవిడ?”

“సముద్రం చూడందే తెల్లవారని ఆవిడ. బెలూన్ దిగని ఆవిడ. అన్నీ తినే ఆవిడ. చెప్పండి, మీ ఆఫీసేనా?”

జగన్మోహన్ నోరు తెరిచాడు. ఆమె కళ్లలో నీళ్లు చూసి పకపకా నవ్వాడు.

“పిచ్చిదానా! నువ్వేనే!”

“నేనా?”

“మరి? మన పెళ్లిరోజుకి. సర్‌ప్రైజ్ అనుకున్నాను, మొత్తం పాడు చేశావు.”

“నాకు సముద్రం ఇష్టమని ఎవరు చెప్పారు?”

“నువ్వే. నిశ్చితార్థం అయ్యాక నేను ఉద్యోగానికి ఇక్కడికి, రెడ్‌మండ్ వచ్చేశాను కదా. ప్రతి ఆదివారం ఫోన్ చేస్తే, కాలింగ్ కార్డ్‌లో నిమిషాలన్నీ అయిపోయేదాకా ఆపేదానివా? ఎప్పటికైనా ఫ్రాన్స్ చూపించాలని మాట తీసుకున్నది కూడా నువ్వే.” అతను ఆమెను పక్కన కూర్చోబెట్టుకున్నాడు. “నిజం చెప్పనా? పెళ్లిచూపుల్లో నువ్వు తలెత్తలేదు. నేను పడిపోయింది ఆ ఫోన్లకే. పెళ్లయ్యాక ఎందుకో మాటలు తగ్గిపోయాయి. వీసా టెన్షన్లు, పాప, ఇల్లు... వాటివల్లే అనుకున్నాను. ఇప్పుడు గ్రీన్‌కార్డ్ వచ్చేసింది. దేశం బయటికెళ్తే మళ్లీ రానిస్తారో లేదోనన్న బెంగ లేదు.”

జయంతికి ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. వారం రోజులుగా గుండెలో పెట్టుకున్న రాయి జారిపోయింది. అతని భుజం మీద తల ఆనించింది.

“ఆ అమ్మాయిని మళ్లీ ఒక్కసారి చూడాలనుంది జయా,” అన్నాడతను ఆమె జుట్టు నిమురుతూ. “గుర్తొచ్చాయా ఆ ఫోన్లు?”

భుజం మీద ఆమె తల కదల్లేదు.

“గుర్తొచ్చాయి.”

ఆ ఆదివారాలన్నీ, సిగ్గుతో ఫోన్ అందుకోని జయంతి పేరుతో మాట్లాడింది చెల్లెలు సంహిత.