శామ్యూల్ పక్కన జాగా

దానమ్మ కోసం ఉంచిన జాగాలో ఎవరినో పూడ్చిపెట్టారు.

ఆదివారం ఆరాధన అయ్యాక, ఎప్పటిలాగే చీపురు పట్టుకుని చర్చి వెనక సమాధుల దగ్గరికి వచ్చిందామె. భర్త శామ్యూల్ సమాధి పక్కన పచ్చిమట్టి కుప్ప. దాని మీద ఒకే ఒక్క బంతిపూల దండ.

"తప్పయింది అవ్వా," అన్నాడు సంఘపెద్ద సాలోమోను. "సమాధుల పండుగకు రంగేద్దామని లింగం జాగకు గుర్తుగ పెట్టిన నీ పేరు రాయి తీసి గోడకు ఆనిచ్చిండు. మొన్న శుక్రారం అనాథల ఆశ్రమం నుంచి ఒక ముసలామెను తెచ్చిన్రు. ఖాళీ జాగనే అనుకొని జేసీబీతోని తవ్విచ్చిన."

"నన్నొక మాట అడగకపోతివి," అన్నాడు లింగం. అక్కడ గుంతలు తవ్వేది, రాళ్లు చెక్కేది అతనే.

"పదిసార్లు ఫోన్ జేసిన. శామీర్‌పేటల పెండ్లి విందు తింటుంటివి. ఎత్తితివా?"

అలియాబాద్‌లో అద్దె గదికి తాళం వేసిన ప్రతిసారీ, చివరికి వెళ్లే చోటు ఒకటుందన్న ధైర్యం దానమ్మది. శామ్యూల్ పోయిన ఈ ఎనిమిదేళ్లలో ఆమెను పేరు పెట్టి పిలిచినవాళ్లు లేరు. అందరికీ అవ్వే. ఆ రాయి మీద మాత్రం దానమ్మ అని ఉంది. కింద పుట్టిన ఏడు ఉంది. దాని పక్కన ఖాళీ ఉంది.

"పరేషాన్ గాకు," అన్నాడు సాలోమోను. "ఆఫీసుల పర్మిషన్ తీస్కొని ఆమెను వేరే దిక్కు మారుస్తం."

మార్చమనే మాట దానమ్మ నోటిదాకా వచ్చింది.

"ఆమెతోని ఎవరొచ్చిన్రు?" అని అడిగింది.

"ఎవరు లేరు. నేను, పాస్టరయ్య, అంబులెన్స్ డ్రైవరు."

"పేరేంది?"

"తెల్వదంట. మతి లేక రోడ్డు మీద తిరుగుతుంటే తీస్కపోయిన్రట. మెడల సిలువ ఉందని మన దగ్గరికి తెచ్చిన్రు. ఆడ గూడ అవ్వా అనే పిలిచేటోళ్లట."

దానమ్మ వంగి మట్టికుప్ప చుట్టూ ఊడ్చింది. ఊడ్చిన చోటే మళ్లీ ఊడ్చింది. కరీంనగర్ రోడ్డు మీద లారీలు పోతూనే ఉన్నాయి.

"అరిమతయియ యోసేపు తనకని తొలిపించుకున్న సమాధి ప్రభువుకిచ్చిండు," అంది చివరికి. "మళ్ల అడిగిండా? ఉండనియ్యి."

"ప్రభువు మూడోనాడే లేచిపాయె, ఆయనకు జాగ ఖాళీ అయింది గదనే అవ్వా," అన్నాడు లింగం.

సాలోమోను అతన్ని కొరకొర చూశాడు. దానమ్మ మాత్రం నవ్వింది.

"నీ విశ్వాసం గొప్పది అవ్వా," సాలోమోను కళ్లొత్తుకున్నాడు. "గోడ పొంటి నీకు ఇంకో జాగ ఇస్తం. లింగం, ఆ రాయి అటు పట్కరా."

లింగం రాయి ఎత్తబోయాడు. దానమ్మ దాని మీద చెయ్యి పెట్టింది. తన పేరును ఒకసారి వేలితో దిద్దుకుంది.

"అటు గాదు బిడ్డా. గా ముసలామె తలాపునే పెట్టు. ఖాళీ ఉన్నకాడ ఆమె పోయిన తారీఖు చెక్కు."