ఎఫెక్టు తీసేసి వినండి

మూడయ్యేసరికి పెద్దావిడ మళ్ళీ వచ్చింది.

పియానోల షాపులో సేల్స్‌మన్ ఆమెను చూసి నిట్టూర్చాడు. పొద్దుట్నుంచీ నిలబడి కాళ్ళు పీకుతున్నాయి. గోరుచుట్టు మీద రోకటి పోటులా పైన ఈవిడొకతి.

వారం రోజులుగా ఇదే వరస. గొడుగు గోడకి ఆనించి, కొత్తగా వచ్చిన డిజిటల్ పియానో ముందు కూర్చుంటుంది. ముప్ఫై టోన్లుంటే గ్రాండ్ పియానో టోన్ ఒక్కటే పెడుతుంది. అతను పెట్టి ఉంచిన హాలు ఎఫెక్టు తీసేస్తుంది. మధ్యలో ఒకే ఒక్క మెట్టు నొక్కి, వేలు తీయకుండా, శబ్దం పూర్తిగా పోయేదాకా వింటుంది. పాట అన్నది లేదు.

"ఏం వెతుకుతున్నారమ్మా?" అని ఆ రోజు అడిగేశాడు.

"తప్పు బాబూ. ఈ కొత్త మోడల్లోనన్నా దిద్దారేమోనని."

"దిద్దారా?"

"లేదు" అందావిడ, అలిసిన గొంతుతో.

వాయించడం రాదు గానీ వంకలు పెట్టడం మాత్రం వచ్చు, అనుకున్నాడు.

ఆవిడ వెళ్ళగానే రోజూ హాలు ఎఫెక్టు మళ్ళీ పూర్తిగా పెంచేవాడు. అది అతని తొమ్మిదేళ్ళ కిటుకు. పెద్ద హాల్లో వాయించినట్టు శబ్దం సాగుతుంది. తప్పులన్నీ ఆ మోతలో కలిసిపోతాయి. నిన్నగాక మొన్న నేర్చుకున్నవాళ్ళకి కూడా తాము విద్వాంసులమే అనిపిస్తుంది. అనిపిస్తే కొంటారు.

ఆ రోజు ఆవిడ ఇంకా స్టూలు మీంచి లేవకముందే సంగీతం స్కూలు టీచరు వచ్చింది. ఆమెకి ఇరవై పియానోలు కావాలి. ఆ ఆర్డరు జారిపోతే వచ్చే నెల నుంచి నీతో పనిలేదని ఓనరు పొద్దున్నే చెప్పేశాడు.

సేల్స్‌మన్ ఆమెను పక్క పియానో దగ్గర కూర్చోబెట్టి, హాలు ఎఫెక్టు నిండా పెట్టాడు.

టీచరు కాసేపు వేగంగా వాయించి ఆపేసింది.

"అంతా కలగాపులగంగా ఉందండీ. పిల్లలు ఎక్కడ తప్పు వేశారో నాకెలా తెలుస్తుంది?"

"టోన్ మార్చి చూద్దాం మేడమ్."

నాలుగు టోన్లు మార్చాడు. ఎఫెక్టు జోలికి మాత్రం పోలేదు.

"ఆ ఎఫెక్టు తీసేసి వినండమ్మా" అంది పెద్దావిడ పక్కనుంచి. "లోపల సౌండు శుభ్రంగానే ఉంటుంది. ఒక్క మెట్టు దగ్గర తప్ప."

సేల్స్‌మన్ గబగబా ఇద్దరి మధ్యకీ వచ్చాడు.

"అమ్మా, మీరు కొనరు, కొనేవాళ్ళని కొననివ్వరు. ఇక దయచేయండి. మళ్ళీ రాకండి."

ఆవిడ గొడుగు తీసుకుని వెళ్ళిపోయింది.

"ఎవరావిడ?" అంది టీచరు.

"ఎవరో లెండి. పనీపాటా లేక వస్తుంటుంది."

టీచరు గుమ్మం వైపు ఒకసారి చూసి, ఆలోచించుకుని చెప్తానంది. అలా అన్నవాళ్ళెవరూ తిరిగి రారని అతనికి తెలుసు.

కాళ్ళిక నిలవలేదు. వెళ్ళి ఆవిడ కూర్చున్న స్టూలు మీదే కూలబడ్డాడు. ఆ పియానోకి ఎఫెక్టు తీసేసే ఉంది. ఆవిడ నొక్కిన మెట్టే నొక్కాడు.

శబ్దం నీళ్ళలా తేటగా వచ్చింది. తొమ్మిదేళ్ళలో ఈ టోన్‌ని అతనెప్పుడూ ఇలా వినలేదు. అది సన్నబడి, ఇంకా సన్నబడి, ఆగిపోయే ముందు ఎవరో ఊపిరి వదిలినట్టు వినిపించింది.

మళ్ళీ నొక్కాడు. మళ్ళీ అదే ఊపిరి.

కంపెనీ టెక్నీషియన్‌కి ఫోన్ చేసి ఆ ఊపిరి సంగతి చెప్పాడు.

"ఓహో, పట్టేశారే" అన్నాడు టెక్నీషియన్. "ఎఫెక్టు ఉంటే ఎవరికీ వినపడదు. ఆ పెట్టెలో తీగలు ఉండవు కదండీ. నిజం గ్రాండ్ పియానో మీద ఒక్కో మెట్టూ, మెల్లగా మొదలుపెట్టి గట్టిగా కొట్టేదాకా, పదేసి సార్లు నొక్కించి రికార్డు చేశారు. మూడు వారాలు ఒక్క మనిషే నొక్కారు. అంత నిలకడైన చెయ్యి ఇంకోటి దొరకలేదట. ఆఖరి రోజు అలిసిపోయి, శబ్దం ఆగకముందే ఊపిరి వదిలేశారు."

"మరి దిద్దలేదేం?"

"దిద్దమని ఇప్పటికీ ఉత్తరాలు రాస్తుంటారు పాపం. హాలు ఎఫెక్టు కింద ఎవరు వింటారులే అని మావాళ్ళు వదిలేసి, మోడల్ మారినా అదే రికార్డు వాడుతున్నారు. మీ ఊళ్ళోనే ఉంటారు. ఎండైనా వానైనా చేతిలో గొడుగు ఉంటుంది. ఎప్పుడైనా వస్తే కాస్త మర్యాదగా కూర్చోబెట్టండి."

సేల్స్‌మన్ గుమ్మం దాకా పరుగెత్తాడు. వీధిలో గొడుగు కనపడలేదు.

మర్నాడు మూడింటికి స్టూలు తుడిచి ఉంచాడు. ఆ మర్నాడూ తుడిచాడు. ఆవిడ రాలేదు.

నెలాఖరున, ఉద్యోగంలో చివరి రోజున, ఒక్కో పియానోకీ వరసగా హాలు ఎఫెక్టు తీసేస్తూ వెళ్ళాడు. తను తొమ్మిదేళ్ళుగా అమ్మిన ప్రతి పియానోలోనూ, ఆ గ్రాండ్ టోన్‌లో ఎవరు ఏ మెట్టు నొక్కినా, లోపల నొక్కుతున్నది ఆ పెద్దావిడ వేళ్ళే.