సరిపోయిందా, మాస్టారూ?

వంటమాస్టారు ఉల్లిపాయ తరిగితే ఆ రేకులోంచి ఎదురింటి బోర్డు చదవొచ్చు. ముప్పై ఏళ్లలో కత్తి ఆయన్ని ముట్టుకుంటే ఒట్టు! మొన్నటిదాకా అన్నమాట. ఈ వారంలోనే మూడుసార్లు తెగింది. ఇంకోసారి ముక్కల్లో నెత్తురు కనబడితే పనిలోకి రావద్దన్నాడు క్యాంటీను ఓనరు. అందుకే కూతురు ఆయన్ని గ్లవ్స్ అమ్మే కొట్టుకి లాక్కొచ్చింది.

"కత్తికి తెగని గ్లవ్స్ ఇవ్వండి. అన్నిటికన్నా గట్టివి."

"గట్టివే కాదమ్మా, చేతికి సరిపోవాలి. వదులైతే కత్తి కింద ముడుచుకుంటాయి." కొట్టాయన ఒకటి తీశాడు. "కూర పట్టుకునే ఎడమ చేతికి తొడగండి."

"నాకే పాఠాలా? నువ్వు పుట్టకముందే కత్తి పట్టానయ్యా!" మాస్టారు తొడిగేశాడు.

"సరిపోయిందా, మాస్టారూ?"

"నా తోలులాగే ఉంది."

కూతురు చూసింది. రెండు వేళ్లు ఒకే తొడుగులో ఇరుక్కున్నాయి. చిటికెన వేలి తొడుగు ఖాళీగా వేలాడుతోంది.  గ్లవ్ లాగేసి, ఆయన చిటికెన వేలు పట్టుకుంది.

"నాన్నా, అటు తిరుగు. గిల్లుతాను, నొప్పెడితే చెప్పు."

"సరే, గిల్లు." కాసేపాగి, "గిల్లవేమే?" అన్నాడు.

ఆమె గోరు అప్పటికే చర్మంలో దిగి ఉంది.

"ఎన్నాళ్లయింది నాన్నా ఇలా?"

మాస్టారు ఆ గోటిగాటు వంక చూశాడు. "కాలే గిన్నెలు ఉత్తచేత్తో దించుతుంటే అందరూ అనుభవం అన్నారే. నేనూ అదే అనుకున్నాను."

"డాక్టరు దగ్గరికి నడు."

"పని పోతుందే!"

"చెయ్యే పోతుంది నాన్నా!"

మాస్టారు నవ్వుతూ ఆటో ఎక్కాడు.

ఆ 'నవ్వుతూ' అన్న మాట మాత్రం కథ చెబుతున్న నేను కల్పించిందే.