జామీను సంతకం

“పెన్ను కింద పెట్రా!”

ఫైనాన్స్ ఆఫీసంతా ఉలిక్కిపడింది. శివకృష్ణ చేతిలోని పెన్ను కాగితం మీద చుక్క పెట్టి ఆగిపోయింది.

అరిచింది గోడవార బెంచీ మీద కూర్చున్న ముసలాయన. మాసిన పంచె, భుజాన తువ్వాలు. గంట నుంచీ అక్కడే ఉన్నాడు. అప్పు నెల కంతు కట్టడానికి వచ్చాడని అందరూ అనుకున్నారు.

“ఏం తాతా, నన్నేనా?” అన్నాడు శివకృష్ణ.

“నిన్నే. జామీను సంతకమే కదా పెడతాండేది?”

“అవును. అయితే నీకేం?”

“ఆ సంచిలో ఏముండాది? ఇంటి కాయితమా?”

శివకృష్ణకు ఒళ్ళు మండింది. సంచిలో ఉన్నది ఇంటి కాగితమే. హిందూపురంలో రెండు గదుల ఇల్లు. అమ్మ నరసమ్మ ఇరవై ఏళ్ళు కూలికి పోయి కట్టింది. పోయిన ఏడే కొడుకు పేరున రాయించింది. ఆ ఇల్లు పూచీ పెట్టి హరిప్రసాద్‌కు ఆరు లక్షలు ఇప్పించడానికి ఇద్దరూ పొద్దున్నే బస్సెక్కి పెనుకొండ వచ్చారు.

హరిప్రసాద్, శివకృష్ణ ఒకే కంపెనీలో మూడేళ్ళుగా ఒకే షిఫ్టు. ఇంకెన్నాళ్ళు ఈ కూలి బతుకు, సరుకు బండి కొని పట్టుగూళ్ళు రామనగరం మార్కెట్టుకు తోలతానంటాడు హరిప్రసాద్.

“మా హరికి నేను పెడతాండా. మధ్యలో నీ సొమ్మేం పోతాంది?”

“నా సొమ్ము ఎప్పుడో పోయిందిలే. ధర్మవరంలో రెండు మగ్గాలుండె నాకు. నీ మాదిరే ఒకనికి జామీనుంటి. ఆరు కంతులు కట్టినాడు. ఏడో నెల ఫోను ఎత్తలా. ఎనిమిదో నెల నా ఇంటి ముందర ఫైనాన్సోళ్ళ వ్యాను నిలబడె. పెండ్లి చీర సగం నేసింటి. నాల్గు దినాలు తాళండి సామీ, చీర దించి మగ్గం ఇచ్చేస్తానంటి. ఇన్యారా? నా కండ్ల ముందరే పడుగు పరపరా కోసిరి.”

ముసలాయన కళ్ళలో తడి లేదు. నిప్పులున్నాయి.

“మూడో తరగతి చదివినా. నేర్చుకున్నదల్లా నా పేరు రాసేది. ఆ నాలుగక్షరాలే కొంప ముంచె. ఆ పొద్దు పెన్ను పట్టుకోని కూర్చున్న నేను ఇప్పుడు నాకు ఎదురుపడితే ఏం చేస్తానో తెల్సునా? వేళ్ళు ఇరగ్గొడతా! ‘ఒరే తలమాసినోడా, దుడ్లుంటే చేతికియ్యి, పోతే పోనీ. పేరు మాత్రం ఇయ్యొద్దు’ అని చెవి మెలిపెట్టి చెప్తా. వాడు దొరకడు. నువ్వు దొరికినావు.”

“అందరూ అట్లే ఉంటారా తాతా?”

“కాళ్ళు పట్టుకున్నాడా లేదా?”

శివకృష్ణ సంచి దగ్గరికి జరుపుకున్నాడు.

“అమ్మ మీద ఒట్టు పెట్టినాడా? నువ్వు తప్ప నాకు దిక్కెవరని ఏడ్చినాడా?”

నిన్న సాయంత్రం టీ బంకు వెనక సరిగ్గా అదే జరిగింది.

శివకృష్ణ తల తిప్పి చూశాడు. హరిప్రసాద్ కిటికీ దగ్గర, ఇటు వీపు పెట్టి, ఫోను చూసుకుంటున్నాడు. ఆఫీసులోకి అడుగుపెట్టినప్పటి నుంచీ అతని మొహంలో నెత్తురు చుక్క లేదు. బస్సులో సీటు కోసం కండక్టరుతోనే కలబడే మనిషి, ఇన్ని మాటలు పడుతూ కిక్కురుమనలేదు. అవసరం మనిషిని ఎంత అణిచేస్తుందో అనుకున్నాడు శివకృష్ణ. జాలేసింది. మళ్ళీ పెన్ను తీశాడు.

“నువ్వన్నా చెప్పప్పా హరీ, ఈయనకు.”

“తిక్క ముసలోడు. పట్టించుకోవద్దు. పెట్టేయ్, పోదాం,” అన్నాడు హరిప్రసాద్, ఇటు తిరక్కుండానే. “నిర్మలక్కా, ఇట్లాంటోళ్ళను లోపలికెందుకు రానిస్తారు?”

కౌంటరులో ఉన్న నిర్మల విసుక్కుంది. “ఫ్యాను గాలికొచ్చినాడేమోలే అనుకుంటి. ఏం తాతా, నోరు మూసుకోని కూర్చుంటావా, కిందికి దిగుతావా? మా యాపారం చెడగొట్టొద్దు.”

“నీ తప్పేముందిలే తల్లీ. నీకు కంతు కావాల. వాడు కట్టకుంటే వీడు. వీడు కట్టకుంటే వీనిల్లు.”

అంటూనే లేచి వచ్చాడు. సంతకం పెట్టాల్సిన చోట అరచేయి పరిచాడు. పోగులు కోసి కోసి ఆ వేళ్ళు గాట్లు పడి ఉన్నాయి.

“మీయమ్మకు తెలుసునా?”

శివకృష్ణ తల అడ్డంగా ఊపాడు.

“నా ఆడదానికీ నేను చెప్పలా. ఇప్పుడు ఇంకొకరింట్లో కూలికి కండెలు చుడతాంది. ఊ, పెట్టు! ఈ చెయ్యి మీదే పెట్టు నీ సంతకం.”

ఆ చెయ్యి కదల్లేదు. శివకృష్ణ పెన్ను బల్ల మీద పెట్టి, సంచి అందుకుని లేచాడు.

“ఏమన్నా అనుకో హరీ. మాయమ్మను అడక్కుండా పెట్టను.”

గబగబా మెట్లు దిగాడు. సగం దిగాక మనసొప్పలేదు. ముక్కూ మొహం తెలియని మనిషి తన ఇల్లు నిలబెట్టాడు. పేరైనా అడగలేదు, ఒక టీ అయినా తాగించలేదు. వెనక్కి తిరిగి ఎక్కాడు.

తలుపు దగ్గరే ఆగిపోయాడు.

లోపల హరిప్రసాద్ ముసలాయన తువ్వాలు గుంజి పట్టుకుని ఊగిపోతున్నాడు.

“ఫైనాన్సోళ్ళు ధర్మవరంలో మనిల్లు విచారించేకి వచ్చిపోతే, నోరు మూసుకోని పడుండకుండా, పనిగట్టుకోని బస్సెక్కి వచ్చి కన్నకొడుకు నోటికాడి కూడే పడగొడతావా, నాయనా?”