వీపు మీద మచ్చ

"చొక్కా విప్పండి," అంది చర్మ వైద్యురాలు.

రంగుల మేస్త్రి కుర్చీలోంచి కదల్లేదు. నూలుకి రంగులేసి వేసి మోచేతుల దాకా ఎర్రబడిన చేతులు కట్టుకుని, గోడ మీది క్యాలెండరు కేసి చూస్తూ కూర్చున్నాడు. వెనకనుంచి భార్య కాలరు పట్టుకుంది.

"మీరు విప్పుతారా, నన్ను విప్పమంటారా?"

దారి పొడుగునా ఆయన చెప్పని సాకు లేదు. వేడి గుల్ల అన్నాడు, బనీను ఒరుసుకుందన్నాడు, చివరికి తొట్లో నూలు పాడైపోతుందన్నాడు. ఆవిడ ఒక్కటీ చెవిని పెట్టలేదు. వీపు మీద శనగగింజంత ఉన్న నల్లమచ్చ రూపాయి బిళ్ళంత అయింది. బనీనుకి రక్తం అంటినప్పటినుంచీ ఆవిడకి ముద్ద దిగడం లేదు.

"ఎండలో ఒంటి మీద చొక్కా లేకుండా నూలు ఆరేస్తాను, నిజమే. దానికే క్యాన్సరొస్తే ఊళ్ళో సగం మందికి రావాలి," అని గొణిగాడు మేస్త్రి.

డాక్టరమ్మ కోప్పడలేదు. ఏళ్ళ తరబడి పడే ఎండ చర్మాన్ని లోపల్లోపలే పాడుచేస్తుందనీ, ముదురు రంగు ఒంటికి కాస్త కాపుదల ఉన్నా పూచీ మాత్రం లేదనీ, అసలు ఎండ సోకని చోట కూడా ఈ జబ్బు రావచ్చనీ చెప్పింది. తొందరగా పట్టుకుంటే చుట్టూ కాస్త చర్మంతో సహా కోసి తీసేస్తారట, చాలామందికి అక్కడితో సరిపోతుందట.

"ఆలస్యమైతేనండీ?" అంది భార్య.

"లోపలికి పాకుతుంది. అప్పుడు కత్తి ఒక్కటే చాలదు, మందులతో పెద్ద పోరాటమే. ముందు నన్ను చూడనివ్వండి."

మేస్త్రి చొక్కా విప్పాడు. దీపమున్న భూతద్దం చల్లగా వీపుకి తగలగానే ఆయన బింకమంతా ఎటుపోయిందో పోయింది. డాక్టరమ్మ ఇటునుంచి చూసింది, అటునుంచి చూసింది. భార్య ఆ చొక్కాని పిండినట్టు మెలిపెడుతోంది.

"నాకేమన్నా అయితే..." అని మొదలుపెట్టాడాయన.

"నోరు ముయ్యండి," అందావిడ.

డాక్టరమ్మ భూతద్దం పక్కన పెట్టింది. "క్యాన్సరు కాదు. వయసుతో వచ్చే పులిపిరి లాంటిది, అంతే. గీరుకుపోయి రక్తం వచ్చింది."

భార్య అక్కడున్న స్టూలు మీద కూలబడి భోరుమంది. మేస్త్రికి పోయిన ప్రాణం లేచొచ్చింది, దాంతోపాటు నోరూ లేచింది. తన మాట ఏనాడైనా విన్నదా ఈ మనిషి అని డాక్టరమ్మకి ఫిర్యాదు చేస్తూ చొక్కా తొడుక్కున్నాడు. ఆవిడ ఏడుస్తూనే నవ్వి, రెండు చేతులతో కళ్ళు తుడుచుకుంది.

మందు రాస్తున్న డాక్టరమ్మ కలం ఆగింది.

"ఆ బొటనవేలు ఇలా చూపించమ్మా."

గోరు మొదలునుంచి చివరిదాకా నిలువునా నల్లటి చార. గోరు మొదలు దగ్గర ఆ నలుపు చర్మం మీదికి కూడా పాకి ఉంది. ఆవిడ సిగ్గుపడి చెయ్యి లాక్కోబోయింది.

"రంగండీ. ఈయన బట్టలు ఉతికేది నేనే కదా. మా ఇంట్లో చెంచాలకి కూడా రంగే."

"రంగైతే గోరు పెరిగేకొద్దీ చివరికి జరిగి పోవాలి. ఇది గోరు మొదలునుంచే వస్తోంది. ఎన్నాళ్ళయింది?"

"చాన్నాళ్ళేనండీ. రంగేనని చెప్పండి మీరైనా," అంటూ మొగుడి వంక చూసింది.

మేస్త్రి ఆ చేతిని తన చేతుల్లోకి తీసుకున్నాడు. ఇన్నేళ్ళలో దాన్ని అంత దగ్గరగా ఎప్పుడూ చూడలేదు. వేలితో గట్టిగా రుద్దాడు. వంగి మళ్ళీ చూశాడు. ఆయన మొహంలో నవ్వు చెరిగిపోయింది.

"మా తొట్లలో ఎరుపూ పసుపూ తప్ప వెయ్యమండీ," అన్నాడు డాక్టరమ్మతో. "నలుపు మా షెడ్డులోనే లేదు."