కుంటి బల్ల

"మళ్ళీ కుంటుతోంది మేస్త్రీ," అంది టీచరమ్మ, బల్ల మూల మీద చెయ్యి ఆనించి.

బల్ల నిజంగానే టకటకలాడింది. వడ్రంగి మేస్త్రికి తల కొట్టేసినట్టయింది. ఇది ఐదోసారి. పోయిన వారం వెనక కాలు, అంతకుముందు దాని పక్కది, ఇప్పుడు ముందుది. వెళ్ళేముందు రసమట్టం పెట్టి, అందులో బుడగ నడిమధ్య నిలబడ్డాకే ఇల్లు చేరతాడు. వారం తిరిగేసరికి కథ మళ్ళీ మొదటికే వస్తోంది.

నలభై ఏళ్ళుగా పని చేస్తున్న చెయ్యి. ఈ వీధిలో సగం తలుపులు అతను బిగించినవే. అలాంటివాడికి నాలుగు కాళ్ళ బల్ల లొంగడం లేదు. దానికి తోడు మతిమరుపు. మొదటి వారమే తన చిన్న రంపం ఎక్కడో పారేసుకున్నాడు. సంచీ బోర్లించి వెతికినా దొరకలేదు. "ఇంక చాల్లే నాన్నా, సామాన్లు మీ అల్లుడికిచ్చేసి కాలు మీద కాలేసుకుని కూర్చో," అంటోంది కూతురు. ఇవాళ కూడా బల్ల కుంటుతూ కనిపిస్తే అలాగే చెయ్యాలనుకుని బయల్దేరాడు. అనుకున్న దగ్గర్నించీ మనసు మనసులో లేదు.

అయినా ఈ గదిలో అడుగుపెడితే ప్రాణం తేలికపడుతుంది. ఉద్యోగం ఉన్నన్నాళ్ళూ టీచరమ్మ వంటగట్టు మీదే కథలు రాసుకుంది. రిటైరయ్యాక పుస్తకం రాస్తానని పాత సామాన్ల గది ఖాళీ చేయించి, గోడలకి మీగడ రంగు వేయించింది. కిటికీకి పల్చటి నీలం తెర కట్టింది. గాలికి తెర ఉబ్బినప్పుడల్లా నీలపు వెలుగు గోడల మీద మెల్లగా పాకుతుంది. అప్పుడు గది మొత్తం ఎక్కడికో కదిలిపోతున్నట్టు ఉంటుంది.

"పుస్తకం ఎంతవరకూ వచ్చిందమ్మా?"

"ఎక్కడ మేస్త్రీ. బల్ల కుదురుగా ఉంటేగా."

గుమ్మం దగ్గర ఆమె భర్త నవ్వాడు. "ఆడలేక మద్దెల ఓడంటే ఇదే. మేస్త్రీ, ఒక కాలు కుంటిందని మీరు మిగతా మూడూ కోస్తూ పోతే, పుస్తకం అయ్యేలోగా ఈవిడ నేల మీద చాపేసుకుని రాయాలి."

"మీరెళ్ళి పేపరు చదువుకోండి," అందామె.

మేస్త్రి బల్ల తిరగెయ్యబోతే, "ఉండండుండండి, పెన్సిళ్ళు ఒలికిపోతాయి," అంటూ హడావిడిగా సొరుగు ఊడదీసి, పైన తువ్వాలు కప్పి, కిటికీ పక్కన తన దగ్గరే పెట్టుకుంది. ఆమె బొటనవేలికి ప్లాస్టరు కనిపించింది.

"వేలికేమైందమ్మా?"

"పెన్సిలు చెక్కుతుంటే తెగింది."

బల్ల కింద నేల మీద సన్నగా రంపపు పొట్టు ఉంది. పోయిన వారం సరిగ్గా ఊడవకుండానే వెళ్ళిపోయానన్నమాట, అనుకున్నాడు మేస్త్రి. అదొక్కటే తక్కువైంది.

టీచరమ్మ కిటికీ వైపు తిరిగి, నోటుబుక్కు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. "ఏదన్నా చెప్పండి మేస్త్రీ."

చెయ్యి ఆడుతుంటే నోరు ఆడకపోవడం అతనికి చేతకాదు.

"ఒకసారి పాత పడవ చెక్కతో ఉయ్యాల చేశానమ్మా, ఆ పడవ తోలినాయన మనవరాలికి. ఎవరూ ఊపకపోయినా సాయంత్రమయ్యేసరికి దానంతటదే కాస్త ఊగేదట. చెక్కకి నీళ్ళు గుర్తున్నాయి అనేవాడాయన. నేను నమ్మలేదు. ఓ సాయంత్రం వెళ్ళి దాని పక్కనే కూర్చున్నా."

"ఊగిందా?"

"పాప నిద్రపోతోంది. గాలి లేదు. నాకూ కళ్ళు మూతలు పడ్డాయి, అలల చప్పుడు వినబడింది. ఊగింది ఉయ్యాలో నేనో, ఇప్పటికీ తేల్చుకోలేదు."

తెర ఉబ్బింది, తగ్గింది. కొత్తగా కోసిన చెక్క వాసనతో గది నిండిపోయింది.

బల్ల నిలబెట్టి రసమట్టం పెట్టాడు. బుడగ నడుమన నిలిచింది. అది చూసినా అతనికి సంతోషం కలగలేదు.

"అమ్మా, ఈసారి కుంటితే మా అల్లుణ్ణి పిలవండి. నా చెయ్యి పోయింది, మతీ పోయింది. రేపట్నించి పని మానేస్తున్నా."

అనేసి, ఉలి సంచీలో పెట్టాడు. ఉలి పట్టని చేతులతో తెల్లారి లేచి ఏం చెయ్యాలో తలుచుకుంటే భయం వేసింది.

టీచరమ్మ ముఖం పాలిపోయింది. "అంత మాటనకండి. మీ చేతికేం కాలేదు."

"మరి బల్లకేమైందమ్మా?"

ఆమె లేచింది. ఒళ్ళోని నోటుబుక్కు తెచ్చి బల్ల మీద పెట్టింది. చివరిదాకా నిండిపోయిన పుస్తకం. తెరిచి ఉన్న పేజీలో ఆఖరి వాక్యాన్ని మేస్త్రి కూడబలుక్కుని చదివాడు. చెక్కకి నీళ్ళు గుర్తున్నాయి.

"మీరొచ్చిన రోజే నా పెన్సిలు కదులుతుంది మేస్త్రీ. మిగతా ఆరు రోజులూ ఇది ఉత్త గది."

"సంతోషమే అమ్మా. కానీ ఐదుసార్లు చేసినా బల్ల నిలబడలేదు. ఈ చేతిని నేనెట్లా నమ్మేది?"

టీచరమ్మ తల దించుకుని, సొరుగు మీది తువ్వాలు తీసింది.

అందులో మేస్త్రి చిన్న రంపం ఉంది.