కట్టుడు పళ్ళు

“పళ్ళేవిరా?” గుమ్మంలోనే నిలదీసింది మా అక్క.

“కట్టించుకోమని డబ్బిచ్చావుగా, కట్టేశాను,” అన్నాను బోసినోరు బార్లా తెరిచి.

“ఏం కట్టావు?”

“టైలరు కొట్టు అద్దె.”

టైలరు నా చిన్ననాటి స్నేహితుడు. అద్దె బాకీ తీర్చకపోతే తాళం వేస్తానని ఓనరు వాడి కుట్టుమిషను మీద గుద్ది అరుస్తుంటే, ఆ డబ్బు జేబులో పెట్టుకుని పళ్ళ డాక్టరు దగ్గరికి ఎలా పోను? ఓనరు చేతిలో పెట్టేశాను. టైలరు వద్దురా వద్దురా అంటూ నా చెయ్యి పట్టుకుని వేలాడాడు. పొగరనుకున్నాను.

“నీ నోటికని ఇచ్చిన డబ్బు ఇంకొకడికి ఇవ్వడం తప్పు కాదూ?”

“ఇచ్చాక అది నాది. కాదంటావా, నువ్వు ఇవ్వనట్టే లెక్క, నన్ను దానికి కాపలా పెట్టావన్నమాట! అయినా నమల్లేకపోతే నేను మింగుతాను. కొట్టు పోతే వాడేం మింగుతాడు, గుండీలా?”

అక్క నవ్వలేదు. కుర్చీలో కూలబడింది.

“ఆ డబ్బు నాదని ఎవరన్నార్రా? ఆ టైలరే తెచ్చిచ్చాడు. ‘నేనిస్తే పుచ్చుకోడక్కా, మీదని చెప్పి ఇవ్వండి. వాడు ముద్ద నమల్లేకపోతుంటే చూడలేకపోతున్నాను’ అన్నాడు. అది అద్దె డబ్బని నాకేం తెలుసు?”

నాకు ఒళ్ళు మండింది. కొట్టు మూయించుకుని నా నోరు తెరిపిస్తాడా వీడు!

చెప్పులు తొడుక్కున్నాను.

“ఎక్కడికిరా?”

“వాణ్ణి కరిచి వస్తాను.”